మా ఆయన కార్జానికి మందు

మా ఆయన సంవత్సరీకం పెట్టిన వారంలోనే, ఆయన ఒంట్లో కొంత భాగం ఇంకా బతికే ఉందని నాకు ఫోన్ వచ్చింది.

అప్పుడు నేను కుట్టు మిషన్ మీద ఉన్నాను. పోర్ట్ బ్లెయిర్‌లో డైరీ ఫార్మ్ అనే పేటలో మా ఇంటి ముందు గదే నా టైలరింగ్ షాపు. స్కూళ్ళు తెరిచే రోజులు. యూనిఫాంలు గుట్టపడి ఉన్నాయి. ఒక్కో తల్లీ వచ్చి "దీదీ, హో గయా క్యా?" అంటూ నా ప్రాణం తోడేస్తోంది. అలాంటప్పుడు తెలియని నంబరు మోగితే ఎవరికి ఒళ్ళు మండదు? విసుగ్గా తీశాను. "నమస్తే ఆంటీ, ఒక్క రెండు నిమిషాలు మాట్లాడొచ్చా అండీ?" అని ఎవరో ఆడపిల్ల. తెలుగు. అదీ ఒక్క హిందీ ముక్క కలవని తెలుగు. ఈ దీవుల్లో పుట్టి పెరిగినవాళ్ళం మేం మాట తెలుగులో మొదలుపెట్టి హిందీలో దిగుతాం. అంత కడిగి ఆరేసిన తెలుగు వినేసరికి ఇది కచ్చితంగా దొంగ ఫోనే అనుకున్నాను.

"ఓటీపీ చెప్పను, లాటరీ వద్దు, పెట్టెయ్ ఫోను" అన్నాను.

"అయ్యో, అది కాదాంటీ. చెన్నైలో అంకుల్‌కి ఆపరేషన్ చేశారు కదా, ఆ హాస్పిటల్ ల్యాబ్ నుంచి మాట్లాడుతున్నాను. నేను ఇక్కడ రీసెర్చ్ చేస్తున్నాను. అంకుల్ లివర్ ముక్క ఒకటి మా దగ్గర పెరుగుతోంది. దాని గురించి అడగాలి."

ఉంది అనలేదు. పెరుగుతోంది అంది. నా కాలు పెడల్ మీదే ఉండిపోయింది. సూది ఏ పిల్లదో జేబు మీద అడ్డదిడ్డంగా నడిచి ఆగింది.

"ఏం మాటలమ్మా అవి? ఆయన పోయి ఏడాదైంది. అస్థికలు కూడా సముద్రంలో కలిపేశాం" అన్నాను.

"తెలుసాంటీ. సారీ ఆంటీ. ఇది ఆపరేషన్ రోజున తీసిన ముక్క. అప్పటి నుంచీ బతికే ఉంది."

నేను మామూలుగా మాటకి తడుముకునే మనిషిని కాను. మా వీధిలో నాతో గొడవ పెట్టుకోవాలంటే మగాళ్ళు కూడా ముందూ వెనకా చూస్తారు. అలాంటి దాన్ని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నోరు తెరుచుకుని కూచున్నాను.

ఆ ముక్క సంగతి నాకు తెలియక కాదు. ఆయనకి పేగులో గడ్డ మొదలై కార్జానికి పాకింది. పోర్ట్ బ్లెయిర్‌లో చూసి మెయిన్‌ల్యాండ్ పొమ్మన్నారు. చెన్నైలో ఆపరేషన్‌కి ముందు డాక్టరుగారు, "గడ్డతో పాటు చుట్టూ ఉన్న మంచి లివర్ కూడా కొంచెం తీయాల్సి వస్తుంది. అందులోంచి చిన్న ముక్క పరిశోధనకి ఇస్తారా? మందులు పరీక్షించడానికి పనికొస్తుంది" అని అడిగాడు. మా ఆయన నవ్వి, "తీసేశాక నేనేం చేసుకుంటాను సార్, ఉంచుకోండి" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. స్కూల్లో సైన్సు గదిలో పాముని సీసాలో వేసి పెడతారే, అలా ఏ సీసాలోనో పడేస్తారనుకున్నాను. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికొచ్చాం. మళ్ళీ డ్యూటీలో కూడా చేరాడు. ఆ తర్వాత పాడు గడ్డ ఇంకోచోట లేచి మనిషిని తీసుకుపోయింది.

పోతే పోయాడు, మంచివాడన్న పేరైనా మిగిలిందా అంటే అదీ లేదు. ఆయన పని దీవుల మధ్య తిరిగే ఓడలో, ఇంజన్ రూంలో. ఓడ ఉద్యోగం, లివర్ జబ్బు. జనానికి ఇంకేం కావాలి? పేగులో మొదలైందని ఎంత మొత్తుకున్నా ఎవరి చెవికీ ఎక్కలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు నా చెయ్యి పట్టుకుని, "పాపం, ఆ మందు ఒక్కటి మానేసి ఉంటే ఇంకా పదేళ్ళు బతికేవాడు" అన్నారు. వెనక వీధి దీదీ అయితే, "క్యా కరేఁ బెహన్, షిప్ కా లైన్ హీ ఐసా హై" అని, ఓడ పనే అంత అన్నట్టు నన్నే ఓదార్చింది. శవం ఇంట్లో ఉండగానే ఈ మాటలు. చీపురు తిరగేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

ఎందుకంటే మా ఆయన చుక్క ముట్టని మనిషి. దానికో కథ ఉంది. మా మామగారు ఉత్తరాన ఉన్న దీవిలో, డిగ్లీపూర్ దగ్గర పొలం చేసుకునేవాడు. నాటుసారా తాగి తాగి, కార్జం కుళ్ళి, కడుపు కుండలా ఉబ్బి పోయాడు. కొడుక్కి ఓడలో ఉద్యోగం వచ్చిందనగానే మా అత్త ఆయన్ని ఎదురుగా కూచోబెట్టుకుని, ఆయన కుడిచెయ్యి తన నెత్తి మీద పెట్టుకుని, మందు ముట్టనని ఒట్టేయించుకుంది. మనలో అది ఆషామాషీ సంగతి కాదు. ఒట్టు తప్పితే చెయ్యి పెట్టినవాడికేమీ కాదు, ఎవరి నెత్తిన పెట్టాడో వాళ్ళ ప్రాణానికి ముప్పు.

ఆ మనిషి ఆ ఒట్టుని ఎంత పట్టుకుని కూచున్నాడంటే, దగ్గు సిరప్ సీసా మీద అక్షరాలు చదివి ఆల్కహాల్ అని ఉంటే వెనక్కి పంపేవాడు. హోమియో మందు కూడా స్పిరిట్ వాసన వస్తోందని వద్దనేవాడు. ఓడలో తోటివాళ్ళ పార్టీలకి వెళ్ళి కొబ్బరి బోండాం పట్టుకుని కూచునేవాడట. "మీ అమ్మకి తెలుస్తుందా ఏంటి?" అని నేను ఏడిపిస్తే, "తెలియాల్సిన పన్లేదే, పోతుంది" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గానీ, నమ్మే అనేవాడు.

ఆయన పోయాక ఆ నింద మోసింది మా అత్తే. వచ్చినవాళ్ళందరికీ ఆవిడ చెప్పే సాక్ష్యం ఒక్కటే. "నా నెత్తి మీద సెయ్యెట్టి ఒట్టేసినాడు. వాడు తాగుంటే నేను ఎప్పుడో పోదును. సూడండి, గుండ్రాయిలాగ కూకున్నాను కదేటి!" అనేది. వాళ్ళు తల ఊపి, గేటు దాటాక నవ్వుకునేవాళ్ళు. నాకు కనపడేది.

ఆ రోజు ఫోన్ వచ్చినప్పుడు కూడా ఆవిడ గడప దగ్గరే కూచుని ఎండుచేపల తలలు తుంచుతోంది. నా మొహం చూసి, "ఎవుళ్ళే? ఏటయింది?" అంది. ఆవిడకి చెవుడు. చెప్పే ఓపిక లేక స్పీకర్ పెట్టాను. అదే నా కొంప ముంచింది.

అమ్మాయి ఓపిగ్గా చెబుతోంది. ఆ ముక్కలోని కణాల్ని మెత్తటి జెల్లీలో పెట్టి, పైన ఎర్రటి నీళ్ళ లాంటి తిండి పోస్తే అవి పెరుగుతాయట. ఒకటి పదవుతుందట, పదిని విడదీస్తే మళ్ళీ పెరుగుతాయట. గసగసాలంత చిన్న చిన్న కార్జాలు అనుకోండి ఆంటీ, అంది. మనుషుల మీద ప్రయోగం చేయకుండా ముందు వాటి మీద చూస్తారట. "ఇప్పటిదాకా చాలా రకాల మందులు పోసి చూశాం ఆంటీ. అంకుల్ లివర్ భలే తట్టుకుంది" అంది, మెచ్చుకుంటున్నట్టు.

మా అత్త చేతిలో చేప కిందపడింది.

"ఏటీ? మందు పోసినారా?" అంటూ లేచింది. మోకాళ్ళ నొప్పులని గోడ పట్టుకుని లేచే మనిషి, ఒక్క ఊపున లేచింది. "బతికున్నన్నాళ్ళు సుక్క ముట్టనోడికి సచ్చాక పోత్తారేటే? ఎవుత్తివే నువ్వు? నీ సేతులు ఇరిగిపోనూ! ఒట్టేసినాడే నా కొడుకు, నా నెత్తి మీద ఒట్టేసినాడే!"

అవతల అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ. "అమ్మమ్మగారూ, ఆ మందు కాదండీ! జబ్బుకి వేసుకునే మందండీ! జ్వరానికి, షుగర్‌కి..." అంటోంది. ఈవిడకి వినపడితేనా! తిట్లు అలా సాగుతూనే ఉన్నాయి. చివరికి నేనే ఆవిడ భుజాలు పట్టుకుని చెవిలో అరిచాను: "అత్తా! దవాయీ! దవాయీ పోశారు, దారూ కాదు!"

టక్కున ఆగింది. "దవాయీనా?" అంది. "మరి మందని సెప్తాదేటి ఆ పిల్ల? దవాయీ అని సెప్పాలి గానీ" అని కూలబడింది. తెలుగులో రోగానికీ మందే, తాగడానికీ మందే, పురుగుల్ని చంపడానికీ మందే. హిందీలో ఆ తికమక లేదు. ఇంత కడిగిన తెలుగు మాట్లాడబట్టే ఆ పిల్ల చావు తిట్లు తింది. నాకు నవ్వాగలేదు. ఏడాదిగా నవ్వని నవ్వంతా ఒక్కసారి వచ్చేసింది. పొట్ట పట్టుకుని నవ్వాను, కళ్ళమ్మట నీళ్ళు కారాయి. మా అత్త కూడా పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

అమ్మాయి మాత్రం నవ్వలేదు. మా నవ్వు ఆగేదాకా ఆగి, గొంతు తగ్గించి అంది:

"ఆంటీ... నేను ఫోన్ చేసింది అందుకే. ఇప్పుడు పొయ్యడానికి అడుగుతున్నది... దారూనే."

ఆ మాట నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మా అత్త వైపు చూశాను. ఆవిడకి ఈసారి స్పష్టంగానే వినపడింది. తిట్టలేదు. తన నెత్తి మీద చెయ్యి పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

తాగుడు వల్ల కార్జం మొదట్లో ఎలా పాడవుతుందో చూడ్డానికి ఒక పరిశోధన చేస్తున్నారట. అందుకు తాగుడంటే తెలియని కార్జం కావాలట. "తాగేవాళ్ళవి బోలెడు దొరుకుతాయి ఆంటీ. ఎప్పుడూ తాగనివాళ్ళది, ఇంత బాగా పెరిగేది మాత్రం మా దగ్గర అంకుల్‌ది ఒక్కటే. అంకుల్ ఒప్పుకున్నది మందుల... అదే, దవాయీ పరీక్షలకి. దీనికి వేరే. ఇంట్లోవాళ్ళని అడక్కుండా చెయ్యకూడదు. మీరు వద్దంటే ఒక్క చుక్క కూడా పొయ్యం."

"ఆయన తాగలేదని నీకెవరు చెప్పారు?" అన్నాను.

"ఆపరేషన్ ముందు అంకులే చెప్పారు. తర్వాత డాక్టర్లు లివర్‌ని పరీక్షించినా తాగుడు ఆనవాళ్ళేమీ లేవు ఆంటీ. చాలా శుభ్రంగా ఉంది."

మళ్ళీ చెబుతానని పెట్టేశాను. శుభ్రంగా ఉందట! ఈ ఊళ్ళో, మేం పుట్టి పెరిగిన ఊళ్ళో, పెళ్ళికీ పేరంటానికీ మా ఇంట తిన్నవాళ్ళెవరూ నమ్మని మాటని ముక్కూ మొహం తెలియని పిల్ల ఎక్కడో కూచుని నమ్మేసింది. ఎంత సంతోషమో అంత దుఃఖం. వెనక వీధి దీదీ ఇంటికి పరిగెత్తి, "విన్నావా, తాగనివాడని ఏరి మరీ అడుగుతున్నారు!" అని అరవాలనిపించింది. ఏం చెయ్యడానికి అడుగుతున్నారని ఆవిడ తిరిగి అడిగితే? తాగించడానికి! తలచుకుంటే ఇప్పటికీ మతి పోతుంది.

నాకు ఒప్పుకోవాలనే ఉంది. దాచుకోవడం ఎందుకు? ఆయన తాగలేదన్న సంగతి ఎక్కడో ఒకచోట నిలబడిపోవాలని ఉంది. మా అత్త మాత్రం పళ్ళెం ముందు కూచుని అన్నం కెలికి లేచిపోతోంది. మర్నాడు బతిమాలాను. "అత్తా, నీ కొడుకే లేడు. ఆయనతోనే ఒట్టూ పోయింది" అన్నాను.

"వాడు పోయినాడు. కార్జం బతికుంది కదేటి?" అంది. "తాగినప్పుడు మందు ఎక్కడికెళ్తాది? మీ మామకి పాడైంది నోరా, కార్జమా? కార్జానికి పోత్తే వాడు తాగినట్టే."

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. వాదించడంలో నన్ను మించినవాళ్ళు లేరనుకునేదాన్ని. ఆ మాటకి ఒళ్ళు మండి అనేశాను: "ప్రాణం మీద భయమా? ఒట్టు తప్పితే నువ్వు పోతావనా?"

ఆవిడ నన్ను చూసిన చూపుకి నాకు గోడలోకి దూరిపోవాలనిపించింది.

"నా పేణం ఎవుడిక్కావాలే? రేపు పోతే రేపే సుఖం. గానీ వాళ్ళు పోసినాక నేను పోయాననుకో. ఊరేటంతాది? సూసినారా, ఒట్టు తప్పినాడు, తాగుబోతు ఎదవ, తల్లిని కూడా తినేసినాడు అంతాది. నేను ఊపిరి తీత్తన్నంత కాలమే వాడు మంచోడు. నేను సస్తే వాడికి సాచ్చికం ఎవుడే?"

అప్పటిదాకా ఆవిడ ముసలితనంతో బతుకుతోందనుకున్నాను. కొడుకు పేరు కోసం పట్టుపట్టి బతుకుతోందని నాకు తట్టనే లేదు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, ఇన్నేళ్ళు! నేను వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. ఇక అడగకూడదనుకున్నాను. ఆ అమ్మాయికి వద్దని చెప్పేద్దామని ఫోన్ చేతిలోకి తీసుకుంటే, మా అత్తే వచ్చి పక్కన కూచుంది.

"ఆ పిల్లని వాణ్ణి సూపించమను" అంది.

వీడియో కాల్ చేశాం. మా నెట్ సంగతి తెలిసిందే, ఆ పిల్ల మొహం కాసేపు ముక్కలైపోయింది, కాసేపు బిగుసుకుపోయింది. చివరికి కుదిరింది. తెల్లకోటు, తలకి టోపీ, పాతికేళ్ళు కూడా ఉన్నట్టు లేవు. తిట్లు గుర్తున్నాయేమో, దూరంగానే నమస్కారం పెట్టింది. తర్వాత మైక్రోస్కోపుకి తగిలించిన తెర వైపు ఫోన్ తిప్పింది. ఉడికిన సగ్గుబియ్యంలా, గుండ్రంగా, లోపల వెలుగు కనిపిస్తూ, పెద్దవీ చిన్నవీ చెదురుమదురుగా ఉన్నాయి.

ముప్పై ఏళ్ళ వయసులో నన్ను వెనక కూచోబెట్టుకుని మోటార్ సైకిల్ మీద ఊరంతా తిప్పిన మనిషి. ఇదా? చూపు తిప్పేసుకున్నాను, మళ్ళీ చూడకుండా ఉండలేకపోయాను.

మా అత్త ఫోన్‌ని మొహానికి ఆనించుకుంది. "నొప్పి తెలుత్తాదేటి వీడికి?" అంది.

"తెలీదమ్మమ్మగారూ. నరాలుండవు."

"ఆకలి?"

అమ్మాయి తడబడింది. "ఆకలి అంటే... తిండి మార్చకపోతే చనిపోతాయండీ. రెండు మూడు రోజులకోసారి మారుస్తాను."

"ఎవులు? నువ్వేనా?"

"నేనేనండీ. ఆదివారమైనా వస్తాను."

మా అత్త తెర మీంచి చూపు తిప్పకుండానే, "తిట్టీసినాన్నిన్ను" అంది. క్షమించమనడం ఆవిడకి రాదు. "పోత్తే ఏటవుతాది వీడికి?"

"కొన్ని పాడవుతాయి. ఎలా పాడవుతున్నాయో తెలిస్తే, ఆపడానికి దవాయీ వెతకొచ్చు. తాగి లివర్ పాడైపోయినవాళ్ళ కోసం. అన్నిటికీ పొయ్యమండీ. కొన్ని విడిగా గడ్డకట్టించి దాచి ఉంచుతాం."

"కడుపు ఉబ్బిపోయి సచ్చినోళ్ళు ఉంతారు... అలాటోళ్ళకా?"

"అవునండీ. అలాంటివాళ్ళకే."

వీధిలో ఎవరో "దీదీ, యూనిఫాం!" అని కేకేస్తే, "బాద్ మే ఆనా!" అని మా అత్తే గట్టిగా అరిచింది. తర్వాత కొంగు సర్దుకుని ఎవరో పెద్దమనిషి ముందు కూచున్నట్టు నిటారుగా కూచుంది.

"ఫోను వాడి దగ్గరెట్టు" అంది.

"అమ్మమ్మగారూ, వాటికి వినపడదండీ..."

"నీకెందుకే? ఎట్టమన్నాను."

ఆ పిల్ల, "మూత తియ్యకూడదండీ" అని, అవి ఉన్న డబ్బీని మైక్రోస్కోపు కింద నుంచి రెండు చేతులతో తీసి బల్ల మీద పెట్టి, దాని మూత పక్కనే ఫోన్ ఆనించింది. తెర మీద ఇక పైకప్పు, ఒక ట్యూబ్ లైటు, ఆ పిల్ల గడ్డం కొంచెం కనిపిస్తున్నాయి.

"ఒరే నానా" అంది మా అత్త. ఏడాదిగా ఆ గొంతు నేను వినలేదు. "నేనురా. ఇన్నాళ్ళు నిలబెట్టినావు, సాలు. ఊరోళ్ళ సంగతి నేను సూసుకుంటాను." కుడిచెయ్యి ఎత్తి, తన నెత్తి మీద నుంచి కనపడని చేతినేదో పట్టుకుని తీసినట్టు తీసి, కిటికీ గట్టు మీద మెల్లగా పెట్టింది. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టేసినానురా."

తెర మీద ఆ పిల్ల గడ్డం వణుకుతోంది.

"పొయ్యి తల్లీ" అంది మా అత్త, గట్టిగా, వినపడాలని. "ఒక్కపాలే ఎక్కువ పొయ్యకు. అలవాటు లేనోడు."